మెకానిక్ తాత రోజు

నేను రిటైరైన రోజు ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి, ‘మచ్చలేని సర్వీసు’ అన్నారు. ఆ మాటకు గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్ళలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తుంటే నాకు నోట్లో లడ్డూ దిగలేదు. ఇది ఆ అమ్మాయిల కోసం రాస్తున్నాను. మచ్చ ఉందమ్మా. ఎక్కడుందో చెబుతాను.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. నా కింద పాతిక కేంద్రాలు ఉండేవి. గుడ్లు వచ్చాయా, పాలు వచ్చాయా, పిల్లల బరువులు తీశారా, రిజిస్టర్లు రాశారా, ఇవన్నీ చూసి రిపోర్టు పంపడం నా పని. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్ని బడికి తయారుచేయడం కూడా మా పనే. కానీ అది మా రిపోర్టులో చిట్టచివరి గడి. అందులో ‘జరుగుచున్నది’ అని రాస్తే సరిపోయేది. ఇరవై ఏళ్ళు అదే రాశాను.

నేను చెప్పబోయే కేంద్రం పల్నాడులో ఒక టౌను శివార్లలో ఉంది. పేరు ఎందుకులెండి. వీధికి ఒక కొస బండలు కోసే యార్డు, ఇంకో కొస మెకానిక్ షెడ్లు. మధ్యలో సగం ఇళ్ళు సాయిబులవి, సగం ఇళ్ళు క్వారీకీ లారీల మీదికీ పోయేవాళ్ళవి. ఆ వీధి పిల్లలు జూన్‌లో బడిలో చేరేవాళ్ళు. జూలై వచ్చేసరికి సగం మంది మళ్ళీ వీధిలోనే కనిపించేవాళ్ళు. ఒకటో తరగతి గుమ్మం దగ్గర ఏడ్చి, తడుపుకొని, అమ్మ వెనకాలే ఇంటికి పరిగెత్తేవాళ్ళు. రెండు మూడు రోజులు లాక్కెళ్ళి తల్లులు కూడా విసిగిపోయేవాళ్ళు. వాళ్ళకు పని పోతుంది మరి.

అక్కడి టీచర్ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. పదో తరగతి వరకు చదివింది. మాట తక్కువ. నేను వెళ్ళగానే కుర్చీ తుడిచి వేసి, రిజిస్టర్లు వరసగా పెట్టి, పక్కన నిలబడేది. అలాంటి మనిషి ఒకరోజు తనంతట తాను నోరు తెరిచింది.

“మేడం, ఈళ్ళకి బడంటే భయం కాదు. కొత్త గుమ్మమంటే భయం. పుట్టినకాణ్ణుంచీ రెండే గుమ్మాలు ఎక్కారు, ఇల్లూ ఇదీ. రోజుకొక గుమ్మం ఎక్కిస్తే ఆ భయం పోద్ది.”

“ఎవరి గుమ్మం ఎక్కిస్తావ్?”

“వీధిలో అందర్నీ అడిగా. సోమవారం టైలరక్క రమ్మంది. మంగళవారం బడి హెడ్మాస్టరు గారు ఒకటో తరగతిలో అరగంట కూకోబెట్టుకుంటానన్నారు. బుధవారం బండల యార్డు. శుక్రవారం కిరాణా కొట్టు. శనివారం మెకానిక్ తాత షెడ్డు. మీరు పర్మిషనిస్తే చాలు.”

“నేను కాయితం మీద ఏమీ రాయనమ్మా. నువ్వు చేసుకో, నేను చూస్తుంటాగా” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా తెలివిగా అనిపించింది. బాగుంటే నాది, బాగోకపోతే కాయితం లేదు. మీలో ఎవరైనా పైఆఫీసర్లైతే ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.

చేసింది. నేను ఊహించిన దానికంటే బాగా చేసింది. టైలరమ్మ పాత గుండీలన్నీ పళ్ళెంలో పోసి రంగులవారీగా ఏరించేది. యార్డులో బండల మీద సుద్దముక్కతో గుండ్రాలు, నలుచదరాలు గీయించేవాళ్ళు. కొట్టులో ఏది బరువు, ఏది తేలిక అని చేతుల్లో పెట్టి చెప్పించేవాళ్ళు. మెకానిక్ తాతది మరీ సరదా. ఆయనకు అరవై దాటాయి. పిల్లలు వస్తున్నారని శుక్రవారం సాయంత్రమే నట్లు, వాషర్లు కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి ఉంచేవాడు. ఏ నట్టుకు ఏ పానా పడుతుందో పిల్లలు వెతికి పెట్టాలి. పడితే ఆయన “శభాష్ మేస్త్రీ” అనేవాడు. ఆ మాట కోసం పిల్లలు తోసుకునేవాళ్ళు. తోసుకుంటే మాత్రం ఆయన పానా దాచేసి, వరస కుదిరేదాకా ఇచ్చేవాడు కాదు. బడిలో వరసలో నిలబడటం వాళ్ళు అక్కడ నేర్చుకున్నారు.

ఇంకో సంగతి ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే వచ్చేసింది. ఆ పిల్లలకు వారాలు తెలిసిపోయాయి. సోమవారం గుండీల రోజు, మంగళవారం బడి రోజు, బుధవారం బండల రోజు. గురువారం ఎక్కడికీ వెళ్ళరు కాబట్టి అది ‘ఊరికే రోజు’. శుక్రవారం కొట్టు, శనివారం మెకానిక్ తాత. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. బండల యార్డులో పనిచేసే దంపతుల కూతురు ఒకతి ఉండేది. నాలుగున్నరేళ్ళు. నోరు బాగా గట్టిది. మిగతా పిల్లలు తడబడితే నడుం మీద చేతులు పెట్టుకుని సరిదిద్దేది. నేను ఎప్పుడు వెళ్ళినా, “మేడం, పోయినసారి నువ్వు గుండీల రోజు వచ్చావ్, ఇయ్యాల కొట్టు రోజు వచ్చావ్” అని లెక్క చెప్పేది.

ఆ ఏడాది జూన్‌లో బడికి పోయిన పిల్లల్లో ఒక్కరు కూడా వెనక్కి రాలేదు. ఆ సంగతి జిల్లా మీటింగులో చెప్పమన్నారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళి, తెర మీద ఫొటోలు వేయించి, ‘మేము ఆలోచించాం, మేము వీధిని కలుపుకున్నాం’ అంటూ మొదలుపెట్టాను. నాలుగు మాటలయ్యేసరికి ‘మేము’ కాస్తా ‘నేను’ అయిపోయింది. “ఐదేళ్ళు నిండకుండానే మా పిల్లలకు వారాలు తెలుసు. నిన్న, మొన్న, ఎల్లుండి తేడా తెలుసు. కావాలంటే వచ్చి అడిగి చూడండి” అన్నాను. చప్పట్లు కొట్టారు. టీచర్ వెనక వరసలో నా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తిరుగు బస్సులో “బాగా చెప్పారు మేడం” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది.

ఇక నా డైరీ గురించి చెప్పాలి. సూపర్‌వైజర్లు ఏ రోజు ఏ కేంద్రానికి వెళ్ళిందీ, అక్కడ ఏం చూసిందీ టూర్ డైరీలో రాయాలి. అప్పటికి మా దగ్గర అన్నీ పుస్తకాల మీదే నడిచేవి. డైరీ శనివారం మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండాలి. నేను సత్తెనపల్లిలో ఉండేదాన్ని. శనివారం కూడా బస్సెక్కి తిరగాలంటే ఒళ్ళు బరువు. అందుకని శుక్ర, శనివారాల విజిట్లు గురువారం సాయంత్రమే రాసేసి, శుక్రవారం ఆఫీసుకు పోయే కొలీగు చేతికి డైరీ ఇచ్చేసేదాన్ని. వెళ్ళని శనివారాలకు ఆ కేంద్రాన్నే రాసుకునేదాన్ని. ఎవరైనా తనిఖీకి వచ్చినా అక్కడ అన్నీ సక్రమంగా ఉంటాయన్న ధైర్యం. ఆ టీచర్ మంచితనం నాకు అలా కూడా పనికొచ్చింది. అందరూ చేసేదేగా అనుకున్నాను. అందరూ చేస్తారో లేదో నాకు నిజంగా తెలియదు, నేను మాత్రం చేశాను.

ఆ శనివారానికి కూడా అలాగే రాశాను. ‘ఉదయం పదిన్నరకు కేంద్రం సందర్శించితిని. పిల్లలందరూ లోపలే కూర్చుని ఆటపాటలలో ఉన్నారు. సంతృప్తికరం.’

ఆ శనివారం ఉదయం పదిన్నరకు నేను మా ఇంట్లో పండుమిరపకాయల పచ్చడి నూరుతున్నాను. పన్నెండు కావస్తుండగా ఫోను మోగింది. మోచేత్తో నొక్కి, వంగి చెవి ఆనించాను.

“మేడం, ఒక పిల్లోడికి వేలు నలిగింది. తాత షెడ్డులో సైకిలు గొలుసులో చెయ్యి పెట్టాడు. ఆస్పత్రికి తీసకొచ్చా. మూడు కుట్లేశారు. భయం లేదన్నారు” అంది టీచర్.

“నేను రావాలా?”

“మీ ఇష్టం మేడం.”

“నా చేతులు ఖాళీగా లేవమ్మా. నువ్వు చూసుకో.”

అదే నేను చెప్పిన సమాధానం.

ఆ పిల్లవాడి తల్లి ఏమీ గొడవ చేయలేదు. కానీ వాళ్ళ బంధువు ఒకాయన కట్టు కట్టిన వేలు ఫొటో తీసి, ‘అంగన్‌వాడీ పిల్లలతో షెడ్డులో పని చేయిస్తున్నారు’ అని వాట్సాప్‌లో పెట్టాడు. ఆదివారం సాయంత్రానికి అది నా ఫోనుకే తిరిగి తిరిగి నాలుగుసార్లు వచ్చింది. సోమవారం ప్రాజెక్టు ఆఫీసులో మా పైఆఫీసరు మేడం పిలిచారు. ఆవిడ బల్ల మీద నా డైరీ తెరిచి ఉంది.

“మీరు శనివారం అక్కడే ఉన్నారటగా? పిల్లలు లోపలే ఉన్నారని రాశారు. మరి షెడ్డుకు ఎప్పుడు పోయారు?”

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ నోరు దానంతట అదే కదిలింది. “నేను వచ్చేశాక తీసుకెళ్ళి ఉంటుంది మేడం. ఆ రోజు నాకు చెప్పలేదు” అన్నాను.

తర్వాత అదంతా ఆ మాట మీదే నడిచింది. కాయితం మీద అనుమతి లేకుండా పిల్లల్ని బయటకు తీసుకెళ్ళిందని టీచర్‌కు మెమో ఇచ్చారు. మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ ఊసెత్తలేదు. గురువారం జిల్లా నుంచి పెద్దసారు ఎంక్వైరీకి వచ్చారు. ఆయన ఆ మీటింగు తర్వాత బదిలీ మీద వచ్చిన మనిషి. కేంద్రంలోనే కూర్చున్నారు. పిల్లలు గోడవారగా చాప మీద ఉన్నారు. వాకిట్లో వీధంతా నిలబడింది. టీచర్ ఎప్పటిలాగే కుర్చీలు తుడిచి వేసి, ఒక పక్కన నిలబడింది.

“సూపర్‌వైజర్ గారికి చెప్పే తీసుకెళ్ళావా?” అని సారు ఆమెను అడిగారు.

“మొదట్లోనే చెప్పాను సార్. ఏడాది నుంచీ పోతానే ఉన్నాం.”

“మరి శనివారం ఆవిడ వచ్చినప్పుడు పిల్లలు లోపలే ఉన్నారని రాశారే?”

టీచర్ నా వైపు చూసింది. నేను రాలేదని ఆమె చెప్పొచ్చు. చెబితే నా ఉద్యోగానికే ఎసరు. నాకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. ఆమె నా ముఖంలోకి చూసి, నేనే చెబుతానని కాసేపు ఆగింది. నేను నేల చూపులు చూశాను. ఆమె తల దించుకుంది.

మెకానిక్ తాత ఆగలేకపోయాడు. గుమ్మం పట్టుకుని, “సార్, ఈ మేడం శనివారం రాలా. పిల్లలు పది కొట్టినకాణ్ణుంచీ నా షెడ్డులోనే ఉండారు. తప్పుంటే నాది. గొలుసు మీద అట్ట బిగించుకోవాల్సింది, మరిచా. ఆ అమ్మాయినేమనమాకండి” అన్నాడు.

“మీరు ఆగండి. దెబ్బ తగిలింది మీ షెడ్డులోనేగా” అన్నారు సారు.

అప్పుడు చాప మీద నుంచి ఆ బండల యార్డు పిల్ల లేచింది.

“రాలా సార్. శనివారం మెకానిక్ తాత రోజు. మేడం రాలా. మేడం అంతకుముందు బండల రోజు వచ్చింది. పసుప్పచ్చ చీర కట్టుకుంది.”

వాకిట్లో ఎవరో నవ్వారు. సారు కూడా నవ్వారు. “శనివారమంటే ఏందో తెలుసా నీకు?” అన్నారు.

“కొట్టు రోజు తర్వాత” అంది ఆ పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని.

ఇప్పుడు ఆయన నా వైపు తిరిగారు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. “ఏమండీ, మీకు అనుభవం ఉంది. ఈ వయసు పిల్లలకు వారాలు తెలుస్తాయా?”

జిల్లా మీటింగులో మైకు పట్టుకుని చెప్పిన మాట నా నోట్లోనే ఉంది. ఆ పిల్ల నా వైపు నమ్మకంగా చూస్తోంది. మేడంకు తెలుసు కదా అని.

“తెలియవు సార్” అన్నాను. “ఈ వయసులో నిన్న, మొన్న అన్నీ ఒకటే వాళ్ళకి. ఎవరైనా నేర్పిస్తే అదే చెబుతారు.”

టీచర్ తలెత్తింది. మళ్ళీ నన్ను సూటిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండేది.

“నాకు తెలుసు!” అని ఆ పిల్ల అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, “టీచర్, నాకు తెలుసు గదా?” అంది.

“తెలుసులే, కూకో” అంది టీచర్.

నెల తిరక్కుండానే ఆమెను తీసేశారు. పిల్లల్ని గుమ్మం దాటించరాదని నా పరిధిలోని కేంద్రాలన్నిటికీ నోటీసు వెళ్ళింది. దాన్ని నా చేతే రాయించారు, నేను నీట్‌గా రాశాను. కొత్త టీచర్ వచ్చింది. టైలరమ్మ గుండీల పళ్ళెం అటక మీద పెట్టేసింది. కొట్టాయన నన్ను చూస్తే సామాన్లు సర్దుకుంటున్నట్టు లోపలికి వెళ్ళిపోయేవాడు. మెకానిక్ తాత మాత్రం చెయ్యెత్తి సలాం చేసేవాడు. ఆ సలాం తప్పించుకోవడానికి నేను వెనక సందులోంచి వెళ్ళేదాన్ని. రిపోర్టులో చివరి గడిలో ‘జరుగుచున్నది’ అని రాస్తూనే ఉన్నాను.

మీరు అడగొచ్చు, మూడేళ్ళు ఎలా ఉన్నారమ్మా అని. బాగానే ఉన్నాను. తిన్నాను, నిద్రపోయాను, ఇంక్రిమెంటు వస్తే సంతోషించాను. సిగ్గు అనేది రోజూ ఉండదు. ఏదో ఒక చిన్నపిల్ల మన వైపు నమ్మకంగా చూసినప్పుడు వస్తుంది. నా ఉద్యోగమే చిన్నపిల్లలతో.

రిటైరయ్యాక రెండు నెలలకు ఆ టీచర్ ఇంటికి వెళ్ళాను. అదే వీధిలో ఉంటోంది. టైలరమ్మ ఇచ్చే చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపి, అలవాటుగా కుర్చీ తుడిచి వేసింది. దాంతో దారి పొడవునా తయారు చేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను. “నేను చేసింది తప్పమ్మా” అని మాత్రం అనగలిగాను.

ఆమె టీ పెట్టి తెచ్చింది. “నాకు కొత్తగా చెప్పేదేముంది మేడం. జరిగింది నాకు తెలుసు, మీకు తెలుసు” అంది. గ్లాసు నా చేతికిస్తూ, “ఆ పిల్లకే తెలియలా. నన్ను తీసేశాక కూడా సాయంత్రం పూట ఇక్కడికొచ్చి కూకునేది. ‘టీచర్, నాకు శనివారం తెలియదా?’ అని అడిగేది. ఎన్నిసార్లు తెలుసని చెప్పినా మళ్ళీ అడిగేది. మేడం తెలియదందిగా అనేది. చెప్పాలనుంటే ఆ పిల్లకి చెప్పండి” అంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ బడికి వెళ్ళాను. ఆ పిల్ల ఇప్పుడు మూడో తరగతి. పొడుగైంది. నడుం మీద చేతులు పెట్టుకునే అలవాటు పోయింది. కంచం కడుక్కుంటుంటే దగ్గరికి పిలిచి, నేనెవరో చెప్పాను. ఆ రోజు పెద్దసారు ముందు తను చెప్పిందే నిజమనీ, నేను శనివారం రాలేదనీ, భయపడి అబద్ధం చెప్పాననీ చెప్పాను. ఆ పిల్ల కంచంలో నీళ్ళు విదిలిస్తూ మొత్తం విన్నది.

“ఆ సారుకి చెప్పారా?” అంది.

“లేదమ్మా.”

“మరి నాకెందుకు చెబుతున్నారు?”

గంట కొట్టారు. కంచం సంచిలో పెట్టుకుని లోపలికి పోయింది. నేను కుళాయి దగ్గర నిలబడిపోయాను. ఎవరికి చెబితే నాకు నష్టమో వాళ్ళకు చెప్పకుండా, ఎవరికి చెబితే నా మనసు తేలికవుతుందో వాళ్ళకు చెప్పుకుని వచ్చాను. అరవై రెండేళ్ళ మనిషిని, ఆ సంగతి నాకు మూడో తరగతి పిల్ల చెప్పాల్సి వచ్చింది.

తర్వాత కూడా వెంటనే కదల్లేదు. పింఛను మీద దెబ్బ పడుతుందేమోనని పదిహేను రోజులు ఊగిసలాడాను. చివరికి జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి, నకలు మీద సీలు వేయించుకున్నాను. ఆ పెద్దసారు ఇప్పుడు అక్కడ లేరు. తీసుకున్న గుమాస్తా అబ్బాయి, “ఇప్పుడెందుకండీ ఇది?” అన్నాడు. కేంద్రంలో టీచర్ పోస్టులో ఇంకొకావిడ ఉంది, టీచర్‌ను మళ్ళీ తీసుకుంటారన్న ఆశ నాకు లేదు. ఇంతవరకు జవాబు రాలేదు.

నకలు తీసుకుని టీచర్ ఇంటికి వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది. కాయితాలు జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

“మూడు పేజీలు రాశారే మేడం” అంది. “ఆ రోజు ‘రాలా’ అంటే సరిపోయేది గదా.”